కీమో నడుస్తుండగా పసుపు క్యాప్సూల్స్ అమ్మేవాళ్లతో జాగ్రత్త

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లకి ఈ మాట. "కీమో సైడ్ ఎఫెక్ట్స్ ఏవీ లేకుండా చేస్తాం, అంతా నేచురల్" అంటూ పసుపు సారం క్యాప్సూల్స్ అంటగట్టేవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఏ ఇంట్లో జబ్బు ఉందో వీళ్లకి ఎవరు చెబుతారో గానీ, సరిగ్గా ఆ ఇంటికే చేస్తారు.

మా వదినకి రొమ్ము క్యాన్సర్. విశాఖలో పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. ఆవిడ వికారం, కాళ్ల తిమ్మిర్లు చూడలేక అన్నయ్య ఆ డబ్బాలు తెప్పించాడు. ఒక్కోటి నాలుగు వేల పైమాటే. తర్వాతి కీమోకి ముందు రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైము) బాగా పెరిగిపోయింది. కీమో వాయిదా పడింది. డాక్టరుగారు డబ్బా చూసి, "దీనివల్లా, కీమో మందువల్లా అన్నది తేల్చి చెప్పలేం, ముందు ఇది ఆపండి" అన్నారు. ఆపాక మెల్లగా దిగింది. ఆ వారాలన్నీ ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్.

కూరలో వేసే పసుపు గురించి కాదు నేను చెప్పేది. క్యాప్సూల్లో ఉండేది పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం సారం. అది ఒంటికి సరిగా పట్టదని మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూస్తే, ఒంటికి పట్టేది దాదాపు 20 రెట్లు పెరిగింది. అమ్మేవాళ్లు గొప్పగా చెప్పేదీ ఇదే. కానీ లివర్‌లో మందుల్ని విరిచే ఎంజైముల్ని పైపరిన్ అడ్డుకోగలదు. పాక్లిటాక్సెల్‌ని విరిచేదీ ఆ లివరే, అంటే ఆ మందు ఒంట్లో ఎక్కువగా నిలిచిపోవచ్చు. కుర్కుమిన్ క్యాప్సూల్స్ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి కూడా. నేచురల్ అయితే హాని ఉండదట! మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే కదా విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది.

ఇక ఆ డబ్బా సంగతి. ఎక్స్‌పైరీ స్టిక్కర్ని గోరుతో గీకితే కింద ఇంకో తేదీ కనిపించింది. బ్యాచ్ నంబరు లేదు. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి, ఫుడ్ సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. రెండూ లేవు. డబ్బు వెనక్కి అడిగితే, "లివర్లో విషం బయటికొస్తోందమ్మా, డోసు పెంచండి" అన్నాడు మహానుభావుడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

అలాగని ప్రకృతిలో దొరికేవన్నీ పనికిరావని అనను. అల్లం సంగతే చూడండి: 2012లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో 576 మంది రోగుల లెక్కలు చూశారు. రోజుకి అర గ్రాము నుంచి గ్రాము అల్లం తీసుకున్నవాళ్లకి కీమో మొదటి రోజు వికారం తగ్గింది. అయితే వాళ్లంతా డాక్టరు రాసిన వాంతుల మందు కూడా వేసుకున్నారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే అల్లం క్యాప్సూల్ కూడా అడగకుండా వేసుకోకండి. ఫైవ్-ఎఫ్‌యూ అనే కీమో మందు ఎక్కించేటప్పుడు ఐసు ముక్కలు చప్పరిస్తే నోటి పుళ్లు తగ్గుతాయి. దానికి ఖర్చేముంది?

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే పారేయకండి. డాక్టరుకి చూపించండి, బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు దాచండి. మందు ఒంటికి పడకపోతే మందుల దుష్ప్రభావాల హెల్ప్‌లైన్ 1800-180-3024కి, డబ్బు గొడవకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.