విమానం టికెట్‌తో "స్మోకింగ్ లాంజ్ పాస్" అంటగడుతున్నారు, శ్రీకాకుళం వాళ్లు జాగ్రత్త

ట్రావెల్ ఆఫీసు పేరు రాయను. గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ టికెట్లు తీసుకునే మన టౌన్ వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. గోడల నిండా విమానాల బొమ్మలు, కూర్చోగానే చేతికి కూల్‌డ్రింక్, ప్రతి మాటకీ "అన్నయ్యా". అదే.

మామ్మని సింగపూర్‌లో మా అన్నయ్య దగ్గరికి తీసుకొచ్చాను. మామ్మకి చుట్ట లేనిదే పొద్దు గడవదు, అదీ అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం). మాటల్లో ఆ సంగతి టికెట్లు రాసే ఆ ఆఫీసువాడి చెవిన పడింది. ఇంకేముంది! "పాస్ లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లో పొగ తాగే గదిలోకి రానివ్వరన్నయ్యా, పెద్దావిడ ఇబ్బంది పడిపోతారు" అన్నాడు. 1,800 రూపాయలు. పెద్దావిడ అనగానే కరిగిపోయే మనవలు దొరికితే వాళ్ల పంట పండినట్టే కదా, ఇచ్చేశాను.

ఆ పాస్ మీరు చూడాలి. కలర్ ప్రింటు, చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో సిగరెట్ బొమ్మ, కింద పెద్దక్షరాల్లో వీఐపీ. లామినేషన్ కూడా చేయించాడు మహానుభావుడు.

విమానం మారే చోట ఆ గది వెతుక్కుంటూ వెళ్లాం. అద్దాల గది, తలుపు తోస్తే తెరుచుకుంటుంది. లైటరూ అగ్గిపెట్టే చేతిసంచిలోనూ పెట్టనివ్వరు, లగేజీలోనూ పెట్టనివ్వరు కాబట్టి లోపల గోడకే కరెంటు లైటర్ బిగించి ఉంది. బయట ఊడుస్తున్న అతనికి పాస్ చూపించాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఇంకొకతన్ని పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వుకుని, వెళ్లండి వెళ్లండి అని చెయ్యి ఊపారు. "పొగకి కూడా టిక్కెట్టేటిరా?" అంది మామ్మ. (ఆవిడ చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకునేసరికి లోపలున్న కుర్రాళ్లు సిగరెట్లు పీల్చడం మర్చిపోయారు, అది వేరే కథ.)

అక్కణ్నించే వాడికి ఫోన్ చేశాను. గొంతు కూడా పెంచలేదు. "ఇక్కడ పాస్ ఎవరూ అడగట్లేదు, నా డబ్బులు వెనక్కి వేసెయ్" అన్నానంతే. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత తాపీగా, "అయినా ఈ వయసులో ఆవిడకి చుట్టలెందుకండీ? మానిపించండి, పుణ్యం ఉంటుంది" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంటే స్పీకర్‌లో పెట్టి ఆఫీసంతా వింటున్నారన్నమాట! నేను నోరు తెరిచేలోపు పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తట్లేదు. డబ్బులు గుంజేటప్పుడు చుట్ట పెద్దావిడ అవసరం, తిరిగివ్వమంటే చుట్ట పాపం! 1,800 పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం నిద్ర పట్టనివ్వట్లేదు.

వాడి ఇంకో ఘనకార్యం వినండి. 25 చుట్టల దాకా సుంకం లేకుండా పట్టుకెళ్లొచ్చని కూడా వాడే చెప్పాడు. 25 చుట్టలు గానీ 100 సిగరెట్లు గానీ అన్న లెక్క బయటి దేశం నుంచి మన దేశానికి వచ్చేవాళ్లకి. సింగపూర్‌లో పొగాకుకి మినహాయింపే లేదు, మొదటి చుట్ట నుంచే సుంకం, చెప్పకుండా దాటబోతే జరిమానా. అన్నయ్య ఫోన్‌లో గట్టిగా చెప్పబట్టి మిగిలిన కట్ట మొత్తం సింగపూర్ విమానం ఎక్కకముందే చెత్తబుట్టలో పడేశాను. మామ్మ ఆ బుట్ట వైపు తిరిగి తిరిగి చూస్తూ నడిచింది.

కాబట్టి అలాంటి పాస్ ఎవరు అమ్మినా కొనకండి. గది ఉందో లేదో ఎయిర్‌పోర్ట్‌లో హెల్ప్ డెస్క్ వాళ్లనడిగితే ఊరికే చెప్తారు. గది లేకపోతే ఓర్చుకోవడమే, బాత్రూంలో వెలిగిస్తే మన 2003 పొగాకు చట్టం కింద 200 రూపాయల దాకా జరిమానా. "ఈ-సిగరెట్ అయితే ఫర్వాలేదు" అని ఆశ పెడతారేమో, మన దేశంలో వాటి అమ్మకమే 2019లో నిషేధించారు.

రసీదు మీద తెలివిగా "సర్వీస్ ఛార్జీ" అని రాశాడు. ఆ రసీదు, ఆ బంగారు అంచు పాసు రెండూ నా దగ్గరే ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇలాగే కొన్నవాళ్లెవరైనా ఉంటే మీరూ ఇవ్వండి. నలుగురం పెడితే అప్పుడైనా ఫోన్ ఎత్తుతాడేమో.