పొట్టి బేస్‌లు, మొండి ఇ తీగ

మోగే తీగ పొడవు మామూలు 34 అంగుళాలకు బదులు 30 అంగుళాల దగ్గర ఉండే బేస్ గిటార్లను షార్ట్ స్కేల్ బేస్‌లు అంటారు. వాటి గురించి చెప్పేవాళ్లంతా ముందు ఎడమచేతి సుఖం సంగతి ఎత్తుతారు. అది నిజమే. 34 అంగుళాల బేస్ మీద మొదటి ఫ్రెట్ (వేలు నొక్కే చోట ఉండే లోహపు పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా అయిదు అంగుళాల పైచిలుకు దూరం ఉంటుంది. 30 అంగుళాల దాని మీద నాలుగున్నరతో పని అయిపోతుంది. చిటికెన వేలి కీలు నొప్పి భరించలేక ఇటు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ అర అంగుళం విలువ నాకు బాగా తెలుసు. అయితే ఆ సుఖానికి వారం తిరిగేసరికి అలవాటు పడిపోతాం. ఏళ్లు గడిచినా నాకు మొహం మొత్తనిది తీగ మెత్తదనం. నన్ను ఎక్కువగా ఏడిపించింది కూడా అదే.

ఒకే తీగను ఒకే స్వరానికి శ్రుతి చేస్తే దాని బిగువు పొడవు వర్గాన్ని (పొడవును పొడవుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 34 నుంచి 30 అంగుళాలకు దిగితే బిగువు దాదాపు 22 శాతం తగ్గిపోతుంది. కాగితం మీద ఇది చిన్న అంకె. వేలి కింద మాత్రం వాయిద్యమే మారిపోయినట్టు ఉంటుంది. తీగ నొక్కితే ఒదుగుతుంది, పక్కకు లాగితే వస్తుంది. మామూలు బేస్ మీద బలం పెట్టి సాధించాల్సిన చిన్న గమకం ఇక్కడ అడగకుండానే పలుకుతుంది. పై తీగల మీద రెండు మూడు స్వరాలు కలిపి మీటినా చెయ్యి బిగుసుకోదు. నాదంలోనూ తేడా ఉంది. లోహపు మెరుపు తగ్గి, అడుగు స్వరం గుండ్రంగా ముందుకు వస్తుంది. దాని మీద లోహపు చుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే, మీటగానే ఒక్క మెత్తని దెబ్బ వినిపించి స్వరం త్వరగా అణిగిపోతుంది. పాటలో గాయకుడికి అడ్డు రాని బేస్ కావాలంటే నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు.

ఒకటి కొన్నవాళ్లు ఒకదానితో ఎందుకు ఆగరో కూడా ఇక్కడే తెలుస్తుంది. 34 అంగుళాల లోకంలో 1951 నాటి ఫెండర్ ప్రెసిషన్ నీడ పడని వాయిద్యం వెతికి పట్టుకోవాలి. పొట్టి బేస్‌లకు అలాంటి పెద్ద దిక్కు లేదు, ఎవరి దారి వారిదే. హాఫ్నర్ 500/1 వయొలిన్ ఆకారంలో, లోపల బోలుగా, ఒళ్లో పెట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంటుంది. గిబ్సన్ ఈబీ-3లో ఫ్రెట్‌లు ఉండే పొడవాటి చెక్క (నెక్) పక్కనే, తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పెద్ద పికప్ కూర్చుని ఉంటుంది. క్రీమ్ బ్యాండ్‌లో జాక్ బ్రూస్ దాన్ని ఎంత గరుకుగా మోగించాడో వింటే ఈ జాతి మెతకదని ఎవరూ అనరు. డాన్‌ఎలెక్ట్రో వాళ్లయితే చెక్కపొట్టును అదిమి చేసిన అట్టతో ఒళ్లు కట్టి, లిప్‌స్టిక్ గొట్టంలో పికప్ పెట్టారు. 1966లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ నేర్చుకునేవాళ్ల కోసమని తయారైనది, ఆ పాఠశాల వాసన ఈ వాయిద్యాలన్నిటికీ అంటుకుంది. ఆ తర్వాత వచ్చిన మ్యూజిక్‌మాస్టర్ బేస్‌లో ఖర్చు తగ్గించడానికి ఆరు అయస్కాంతాల గిటార్ పికప్‌నే బిగించి పైన మూత వేశారు. నాలుగు తీగలకు ఆరు అయస్కాంతాలు! అయినా అది బాగానే పలుకుతుంది. ఇలాంటి వింతలు చూసి ముచ్చటపడేవాళ్లే వీటిని పోగేస్తారు. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ 1972లో దొంగల పాలై, ఇన్ని దశాబ్దాల తర్వాత దొరికిందని 2024లో వార్త వచ్చినప్పుడు, నాకు పరిచయం ఉన్న బేస్ వాయిద్యకారులంతా సొంత చుట్టం ఇల్లు చేరినంత సంబరపడ్డారు.

ఇక నా ఇ తీగ (నాలుగింటిలో అన్నిటికంటే లావైన, అడుగు స్వరపు తీగ) గొడవ. నా దగ్గరున్నవాటిలో ఒకటి గట్టి చెక్కతో చేసిన 30 అంగుళాల బేస్. ఎవరో వాడి అమ్మినది, తయారీదారు పేరు అనవసరం. కొన్న కొత్తలో నా కళ్లు దాన్ని వదిలి వేరేదాని మీదికి పోలేదు. ఒక పాట రికార్డింగులో కీబోర్డ్ వాయించే ఆయన మధ్యలో చెయ్యి ఆపి, “మీ జి స్వరం కాస్త కొరుకుతోంది, ఒకసారి చూసుకోండి” అన్నాడు. ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంది. మూడో ఫ్రెట్ దగ్గర జి నొక్కితే కొంచెం పైకి పోతోంది. ఏడో ఫ్రెట్ దగ్గర ఇంకొంచెం. పన్నెండో ఫ్రెట్‌కు వచ్చేసరికి శ్రుతి చూపే పరికరం (ట్యూనర్) ముల్లు సిగ్గు లేకుండా కుడివైపు వాలిపోయింది. మిగతా మూడు తీగలూ బుద్ధిగా ఉన్నాయి.

దీనికి మందు వాయించేవాళ్లందరికీ తెలిసిందే, తీగల కింది చివర ఉండే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనుకునే చిన్న దిమ్మను (శాడిల్‌ను) వెనక్కి జరిపి తీగ పొడవు కాస్త పెంచడం. దాన్ని జరిపే మరను తిప్పుతూ పోయాను. కొంత దూరం పోయాక అది తిరగడం మానేసింది. దీపం దగ్గరగా పెట్టి చూస్తే, శాడిల్‌కూ బ్రిడ్జి గోడకూ మధ్య ఉన్న స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి గొట్టంలా అయింది. ఇక వెనక్కి చోటు లేదు. శ్రుతి ఇంకా పైనే ఉంది. స్ప్రింగు పూర్తిగా తీసేస్తే చోటు దొరికింది గానీ, వదులైన మర ఇ మీటినప్పుడల్లా గరగరమని పాటలో తన వంతు వినిపించింది. చివరికి స్ప్రింగును సగానికి కోసి తిరిగి పెట్టాను. గరగర పోయింది, తేడా చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు.

అసలు దొంగ తీగ విప్పినప్పుడు దొరికింది. పాత యజమాని 34 అంగుళాల బేస్ కోసం చేసిన లావుపాటి తీగను దీనికి వేశాడు. అలాంటి తీగ చివర సన్నబడే భాగం, పొట్టి బేస్ మీద తీగ చుట్టే బిరడా దాటాక ఎక్కడో మొదలవుతుంది. అందువల్ల లావుగా ఉన్న భాగమే బిరడా కడ్డీకి చుట్టుకుంది. మెలి తిరిగిన చోట పై చుట్టు పగిలి, లోపలి ఉక్కు తీగ కనబడుతోంది. లావు తీగ పొడవు తగ్గేకొద్దీ బిరుసుగా ప్రవర్తిస్తుంది. ఆ బిరుసుతనానికి సరిపడా వెనక్కి జరగాలంటే నా బ్రిడ్జిలో చోటు చాలలేదు. షార్ట్ స్కేల్‌కని చేసిన 0.095 అంగుళాల మందం ఇ తీగ వేయగానే పన్నెండో ఫ్రెట్ దారికి వచ్చింది. (చివర కోయాల్సి వస్తే కోసే చోటికి కాస్త ముందే మడత పెట్టి ఆ తర్వాతే కోయండి, లేకపోతే చుట్టు లోపలే వదులై తీగ మూగబోతుంది.)

కథ అక్కడ ముగిస్తే బాగుండేది. సన్నని తీగ ఇంకా వదులు. గట్టిగా మీటితే స్వరం ముందు పైకి ఎగిరి, తర్వాత తన చోటికి దిగుతుంది. ఒంటరిగా వాయించేటప్పుడు అది మాధుర్యంలా వినిపిస్తుంది. డ్రమ్స్ గట్టిగా మోగే చోట, మన చెయ్యి తెలియకుండానే బలం పెంచే వేళ, ఇ తీగ మీద స్వరాలన్నీ మసకబారతాయి. మొదట్లో గుండ్రని నాదం అని నేను మెచ్చుకున్న దాంట్లో కొంత ఈ మసకే. ఇప్పుడు కుడిచేతిని బ్రిడ్జి వైపు జరిపి, సగం బలంతో మీటి, మిగతాది యాంప్లిఫయర్‌కు వదిలేస్తున్నాను. దీనివల్ల నా వాయింపు నెమ్మదించింది, బాగుపడింది కూడా. కానీ వాయిద్యం కోసం చెయ్యి మార్చుకోవడం అందరికీ నచ్చే సంగతి కాదు.

కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు నా పరిస్థితికే అతుక్కుని ఉంటుంది. నేను ఎక్కువగా కూర్చుని, ఇంట్లో, తక్కువ శబ్దంతో వాయిస్తాను, వేలి కీళ్లు నాకంటే ముందే ముసలివయ్యాయి. అలాంటివారు మొదటి బేస్‌గా కూడా నిశ్చింతగా తీసుకోవచ్చు. బొటనవేలితో తీగలను దంచే పద్ధతి ఇష్టమైనవాళ్లు, అడుగున అయిదో తీగగా బి కావాలనుకునేవాళ్లు 34 అంగుళాల దగ్గరే ఉండటం మేలు. ఇక్కడ ఇ తీగకే దిక్కు లేదు, బి సంగతి చెప్పక్కర్లేదు. వాడినది కొనేవాళ్లు రంగు చూసే ముందు ట్యూనర్ వెంట తీసుకువెళ్లి ఇ తీగ పన్నెండో ఫ్రెట్ నొక్కి చూడండి, ఆపైన బ్రిడ్జిలో శాడిల్ వెనక ఎంత చోటు మిగిలిందో చూడండి. కొందరు నాలాగా ఒకటి చాలదని రెండోదానికి, మూడోదానికి వెళతారు. వాళ్లకు చెప్పేదేమీ లేదు, వాళ్లు వినరు. నేనైతే ఆ గట్టి చెక్క బేస్‌ను అమ్మేద్దామని ఎన్నోసార్లు గోడ మీద నుంచి దించాను. దించినప్పుడల్లా శ్రుతి చూద్దామని మొదలుపెట్టి గంట సేపు వాయించి మళ్లీ తగిలించేస్తున్నాను.