అడుగు మార్చి రెండో క్లిక్: ఫోన్‌తో త్రీడీ ఫోటోలు, మూడేళ్ల వాడకం

మూడేళ్ల కింద మూడు వందల లోపు పెట్టి ఒక అట్ట వ్యూయర్ తెప్పించుకున్నాను. రెండు ప్లాస్టిక్ లెన్సులు, మధ్యలో అడ్డంగా ఒక అట్ట, ముందు ఫోన్ పెట్టే మూత, అంతే. గూగుల్ 2014లో తెచ్చిన కార్డ్‌బోర్డ్‌కు నకలు. 2021లో గూగుల్ అమ్మడం ఆపేసింది కానీ నకళ్లు ఇంకా దొరుకుతున్నాయి. త్రీడీ వీడియోలు చూద్దామని కొన్నాను, వారానికే మొహం మొత్తింది. పెట్టె మాత్రం బల్ల మీద మిగిలింది. దాన్ని ఏం చేయాలా అని చూస్తుంటే తెలిసింది, త్రీడీ ఫోటోకు ప్రత్యేకంగా కెమెరా ఏమీ అక్కర్లేదని.

చేతిలో ఉన్న ఫోన్ చాలు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడి, బరువు ఎడమ కాలి మీద వేసి ఒక క్లిక్, కుడి కాలి మీదికి మార్చి ఇంకో క్లిక్. ఈ పద్ధతిని చా-చా అంటారు, అదే పేరున్న డ్యాన్సును బట్టి. ఎడమ కన్ను చూసేది ఒక ఫోటో, కుడి కన్ను చూసేది ఇంకోటి. వాటిని ఫోన్‌లో పక్కపక్కన పెట్టి, ఆ పెట్టెలో ఏ కంటిది ఆ కంటికే చూపిస్తే లోతును మెదడు కట్టుకుంటుంది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లో అద్దాలు పెట్టి, చేత్తో గీసిన బొమ్మలతోనే ఈ సంగతి చూపించాడు. అప్పటికి ఫోటో ఇంకా జనంలోకి రానేలేదు.

చదివితే ఇంతే. మొదటి రెండు నెలలు నేను తీసినవన్నీ తలనొప్పి తెప్పించేవే. తప్పు నాదే. రెండో క్లిక్‌కు జరిగేటప్పుడు ఫోన్‌ను వస్తువు వైపు కొంచెం తిప్పేవాడిని. అలా తిప్పితే ఒక ఫోటోలో ఎడమ అంచు, ఇంకోదాంట్లో కుడి అంచు సాగుతాయి, కళ్లు వాటిని కలపలేక గుంజుకుంటాయి. ఫోన్‌ను తిప్పొద్దు, జరపాలి. ఒకసారైతే కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టి ప్రింటు తీయించాను. మా అక్క మొహం వెనక నుంచి చూసిన మాస్కులా లోపలికి గుంట పడి కనిపించింది. ఆ ప్రింటు చూసి అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

ఎంత జరగాలన్నదే అసలు విద్య. మనిషి రెండు కళ్ల మధ్య దూరం దాదాపు 65 మిల్లీమీటర్లు. కానీ అన్నిటికీ అంతే జరిగితే కుదరదు. దగ్గరున్న వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో ముప్పయ్యో వంతు జరగాలని ఒక లెక్క ఉంది. రెండు మీటర్లకు ఆరున్నర సెంటీమీటర్లు. బతుకమ్మను అరవై సెంటీమీటర్ల నుంచి తీస్తే రెండే సెంటీమీటర్లు. నేను తీసినవాటిలో అన్నిటికన్నా బాగా వచ్చింది అదే. తంగేడు, గునుగు, బంతి, వరుస మీద వరుస, పైన గౌరమ్మ. మామూలు ఫోటోలో అదంతా రంగుల ముద్ద. పెట్టెలో చూస్తే ఒక్కో గునుగు పువ్వు కొస కళ్లకు గుచ్చుకునేంత ముందుకొస్తుంది. అది ఇంట్లో పేర్చినప్పుడే తీయాలి. చుట్టూ ఆడుతున్నప్పుడు తీస్తే మొదటి క్లిక్‌లో ఉన్న మనిషి రెండో క్లిక్‌కు ఉండదు.

దూరపు కొండకు ఆరున్నర సెంటీమీటర్లు జరిగితే ఏమీ తెలియదు. లతీఫ్ సాహెబ్ గుట్టను మా డాబా ఈ చివర నుంచి ఒకటి, ఎనిమిది మీటర్లు నడిచి ఆ చివర నుంచి ఇంకోటి తీశాను. లోతు బ్రహ్మాండంగా వచ్చింది కానీ గుట్ట చిన్నదైపోయింది, వినాయక మండపంలో థర్మాకోల్‌తో చేసిన కొండలాగ. మన కళ్లు ఎనిమిది మీటర్ల ఎడంగా ఉండాలంటే మనం ఎంత రాక్షసులం కావాలి! అందుకే అది బొమ్మలా కనిపిస్తుంది. నాకు నచ్చలేదు, పిల్లలకు మాత్రం అదే ఇష్టం.

నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం ఈ పనికి చెప్పి చేయించినట్టు ఉంటుంది. పొద్దంతా లింగం వెనక స్తంభం నీడ నిలబడే గుడి. మామూలు ఫోటోలో ఆ నీడ కూడా ఒక స్తంభమే అనిపిస్తుంది. జతగా తీసి చూస్తే నీడ వెళ్లి గోడకు అతుక్కుంటుంది, లింగం దాని ముందుకొచ్చి నిలబడుతుంది. వెలుతురు తక్కువ, చేయి వణకొద్దు, స్తంభానికి ఆనుకుని తీయాలి. పాలమూరు పిల్లలమర్రి అయితే గాలి లేని పొద్దున్నే పోవాలి. 2018లో చెదలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన చెట్టే అది. మామూలు ఫోటోలో ఊడలన్నీ చిక్కుపడి ఉంటాయి, ఇందులో దేనికది విడిపోతుంది. ఆకు కదిలితే మాత్రం ఆ చోట మిణుకుమిణుకుమంటుంది.

రెండు ఫోటోలను సరిచేయడానికి స్టీరియోఫోటో మేకర్ వాడుతున్నాను. జపాన్‌కు చెందిన మసుజి సుటో చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్, విండోస్‌లో నడుస్తుంది. చూడటానికి పాతకాలందే కానీ ఎత్తుపల్లాలను, వంకరను తానే సరిచేస్తుంది. ఇది లేకపోతే నేను మొదటి ఏడాదే మానేసేవాడిని.

అట్ట పెట్టెకు మాత్రం మార్కులు తక్కువే. రెండో ఎండాకాలానికి జిగురు ఊడి మూత వేలాడింది, చెమటకు ముక్కు దగ్గర అట్ట మెత్తబడింది, ఇప్పుడు రబ్బరు బ్యాండు మీద నడుస్తోంది. లెన్సుల మధ్య దూరం మార్చుకునే వీలు లేదు, మా చిన్నోడికి బొమ్మ రెండుగానే కనిపిస్తుంది. కొనేవాళ్లు ఆ దూరం జరుపుకునే ప్లాస్టిక్‌ది తీసుకోండి. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ తీసేయండి, రెండు క్లిక్‌లకూ ఒకే లెన్సు, ఒకే వెలుతురు ఉండేలా లాక్ చేసుకోండి.

మా బాపుకు చిన్నప్పుడే ఎడమ కన్ను పోయింది. నేను ఎగిరెగిరి చూపిస్తే పెట్టెలో చూసి, "రెండు ఒక్కతీర్గనే ఉన్నయి గదరా" అన్నాడు. ఆ మాటకు నేను అరగంట వివరం చెప్పాను, ఎంత బుద్ధిలేని పనో తర్వాత తెలిసింది. రెండు కళ్లు కావాలి ఈ తమాషాకు. ఆ తర్వాత ఒకరోజు అవే రెండు ఫోటోలను ఒకదాని వెనక ఒకటి గబగబా మారేలా జిఫ్ చేసి ఫోన్‌లో పెట్టాను. పానగల్లు స్తంభాలు కదులుతున్నాయి, వెనక గోడ దాదాపు అక్కడే ఉంది. బాపు ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"బస్సు కిటికీలకెల్లి చూసినట్టున్నదిరా. దగ్గరి చెట్లు ఉరుకుతయి, గుట్టలు ఆన్నే ఉంటయి" అన్నాడు.

ఇప్పుడు ప్రతి జతనూ రెండు తీర్ల దాచిపెడుతున్నాను, ఒకటి పెట్టెకు, ఒకటి బాపుకు.