అప్లికేషన్‌కాంటెక్స్ట్‌అవేర్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

రొయ్యల కొనుగోలు లెక్కల కోసం నెల్లూరులో మేము రాసుకున్న సాఫ్ట్‌వేర్ 2016 నుంచి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ మీదే నడుస్తోంది. జావా ప్రోగ్రాముకు కావలసిన ఆబ్జెక్టులను తానే తయారుచేసి, ఒకదానికొకటి అందించేది స్ప్రింగ్. ఈ తొమ్మిదేళ్లలో నేను ఎంతో ఇష్టంగా వాడి, ఆ తర్వాత అంత ఓపికగానూ తీసేస్తూ వచ్చినది అప్లికేషన్‌కాంటెక్స్ట్‌అవేర్ అనే ఇంటర్‌ఫేస్.

ఇది చేసే పని చిన్నదే. మన క్లాసు ఈ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తే, కంటైనర్, అంటే ఆబ్జెక్టులను తయారుచేసి చూసుకునే స్ప్రింగ్ భాగం, ఆ ఆబ్జెక్టును తయారుచేసి, దాని ప్రాపర్టీలు నింపిన తర్వాత, ఆఫ్టర్‌ప్రాపర్టీస్‌సెట్ వంటి మెథడ్లను పిలవడానికి ముందు, సెట్‌అప్లికేషన్‌కాంటెక్స్ట్ అనే ఒకే ఒక్క మెథడ్ ద్వారా తనను తాను దాని చేతికి అప్పగిస్తుంది. అలా చేతికి వచ్చే కంటైనరే అప్లికేషన్‌కాంటెక్స్ట్, క్లుప్తంగా కాంటెక్స్ట్. ఈ వరుస తెలియక కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కోడ్‌లో) కాంటెక్స్ట్ కోసం వెతికి, నల్ (ఏమీ లేదు అనే విలువ) ఎందుకు వస్తున్నదో అర్థం కాక మొదటి వారంలోనే ఒక పూట పోగొట్టుకున్నాను. స్ప్రింగ్ 2.5 నుంచి ఆటోవైర్డ్ అని రాసి కాంటెక్స్ట్‌ను నేరుగా తెప్పించుకునే వీలుంది కనుక ఇప్పుడు ఆ ఇంటర్‌ఫేస్ కూడా అక్కరలేదు. ఏ దారిన తెచ్చుకున్నా దాని గుణదోషాలు మాత్రం అవే.

మాకు అది ఎందుకు నచ్చిందో చెప్పాలి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంట్. ధర కౌంట్‌ను బట్టి ఉంటుంది. అయితే నీటి బరువుకు ఎంత తీసేయాలి, పెంకు మెత్తబడిన సరుకును ఏ ధరకు కట్టాలి, రెండు కౌంట్ల మధ్య పడితే ఎటు లెక్కించాలి అనే విషయాల్లో కొనే ప్రతి కంపెనీకీ తనదైన పద్ధతి ఉంటుంది. ఒక్కొక్క పద్ధతిని ఒక్కొక్క బీన్‌గా (స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్టుగా) రాసి, కంపెనీ కోడ్‌కు ముందు ‘రేటు’ అని చేర్చి, ఆ పేరుతో గెట్‌బీన్ (కాంటెక్స్ట్‌ను బీన్ అడిగే మెథడ్) పిలిస్తే సరిపోయేది. కొత్త కంపెనీ వస్తే ఒక క్లాసు రాయడమే. పాత కోడ్‌లో ఒక్క గీత కూడా మార్చనక్కరలేదు. మేము చాలా తెలివైన పని చేశామని కొన్నాళ్లు మురిసిపోయాము కూడా.

ఆ మురిపెం ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద తెల్లవారుజామున మూడు గంటలకు తీరింది. పట్టుబడి పూర్తయి, సరుకు ఐసులో పెట్టి, లారీ బయలుదేరడానికి సిద్ధంగా ఉండగా, తూకం రాసే కుర్రాడు ఫోన్ చేసి “అన్నా, బిల్లు రాలా” అన్నాడు. లాగ్ తెరిచి చూస్తే, ఆ పేరుతో బీన్ లేదని స్ప్రింగ్ చెబుతున్నది. ముందు రోజు సాయంత్రం డేటాబేసులో కొత్త కంపెనీ కోడ్ చేర్చినప్పుడు చివర ఒక ఖాళీ పడింది; అంతే. ఆబ్జెక్టులను కన్‌స్ట్రక్టర్ ద్వారా అందిస్తే, కావలసినది లేనప్పుడు అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే ఆగిపోతుంది. గెట్‌బీన్‌తో అదే లోపం అడిగే క్షణం దాకా దాక్కుంటుంది, మా విషయంలో ఆ క్షణం లారీ ముందు వచ్చింది.

తర్వాత ఆ క్లాసు నుంచి కాంటెక్స్ట్‌ను తీసేసి, రేటు పద్ధతులన్నిటినీ ఒక మ్యాప్‌గా (కీ చెబితే దానికి చెందిన ఆబ్జెక్టును ఇచ్చే పట్టికగా) కన్‌స్ట్రక్టర్‌లోకి తీసుకున్నాము. స్ప్రింగ్ బీన్ పేరును కీగా పెట్టి ఆ మ్యాప్‌ను తానే నింపి ఇస్తుంది. మ్యాప్ పెట్టినంత మాత్రాన ఖాళీ ఉన్న కోడ్ పట్టుబడదన్న మాట నిజమే. అయితే మ్యాప్ చేతిలో ఉంటే డేటాబేసులోని ప్రతి కోడ్‌కూ పద్ధతి ఉన్నదో లేదో అప్లికేషన్ మొదలయ్యేటప్పుడూ, కొత్త కోడ్ చేర్చేటప్పుడూ సరిచూడవచ్చు. ఆ పరీక్షకు నాలుగు వరుసల కోడ్ చాలింది.

దీనికన్నా ఎక్కువ బాధ పెట్టినది కాంటెక్స్ట్‌ను ఒక స్టాటిక్ ఫీల్డులో (క్లాసు మొత్తానికి ఒకటే ఉండే చోటులో) దాచి, ఎక్కడ నుంచి పడితే అక్కడ నుంచి వాడుకునే అలవాటు. స్ప్రింగ్ టెస్టులు వేర్వేరు కాన్ఫిగరేషన్లకు వేర్వేరు కాంటెక్స్ట్‌లను తయారుచేసి, మళ్లీ వాడుకోవడానికి దాచి ఉంచుతాయి. మా స్టాటిక్ ఫీల్డులో మాత్రం చివరగా తయారైనదే మిగిలేది. అందువల్ల విడిగా నడిపితే నెగ్గే టెస్టు, అన్నిటితో కలిపి నడిపితే ఓడిపోయేది. అది టెస్టు లోపమే అనుకుని రెండు నెలలు టెస్టులనే తిరగరాశాము.

గెట్‌బీన్ కప్పిపుచ్చిన మరొక సంగతి, రెండు ఆబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం. స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి అటువంటి చుట్టుకట్టు ఆధారాలను, మనం సెట్టింగ్ మార్చి అనుమతిస్తే తప్ప, నిరాకరిస్తుంది. ఆ వెర్షన్‌కు మారినప్పుడు మా అప్లికేషన్ ఒక్క మాట అనకుండా లేచింది, నేను సంతోషించాను కూడా. ఆరా తీస్తే బిల్లు సర్వీసూ స్టాకు సర్వీసూ ఒకదానినొకటి గెట్‌బీన్‌తో పిలుచుకుంటున్నాయి కనుకనే స్ప్రింగ్ కంట పడలేదని తేలింది.

నిజంగా అవసరమైన చోట్లు లేకపోలేదు. ప్రోటోటైప్ బీన్‌ను (అడిగిన ప్రతిసారీ కొత్తగా తయారయ్యేదాన్ని) సింగిల్‌టన్‌లోకి (కంటైనర్‌లో ఒక్కటే ఉండే బీన్‌లోకి) ఇంజెక్ట్ చేస్తే అది ఒకేసారి వచ్చి అక్కడే ఉండిపోతుంది. బిల్లు ఆబ్జెక్టును మేము అలా పెట్టినందున రెండో లారీ బిల్లులో మొదటి లారీ క్రేట్లు కూడా చేరాయి. ప్రతిసారీ కొత్తది కావాలంటే కంటైనర్‌ను అడగక తప్పదు. కానీ ఆ పనికి మొత్తం కాంటెక్స్ట్ అక్కరలేదు: స్ప్రింగ్ 4.3లో వచ్చిన ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ చాలు, అది ఏ రకం ఆబ్జెక్టును అడుగుతున్నదో కన్‌స్ట్రక్టర్‌లోనే కనిపిస్తుంది కూడా. అలాగే ఈవెంట్ (ఒకటి జరిగిందని మిగతా క్లాసులకు చెప్పే సందేశం) పంపడానికి మాత్రమే కాంటెక్స్ట్‌ను పట్టుకున్న క్లాసులన్నిటికీ అప్లికేషన్‌ఈవెంట్‌పబ్లిషర్ ఇచ్చాము. ప్రోటోటైప్ ఆబ్జెక్టుల డిస్ట్రాయ్ మెథడ్లను (పని ముగిసినప్పుడు సర్దుబాటు చేసేవాటిని) స్ప్రింగ్ పిలవదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వాటిలో తెరిచిన ఫైళ్లను మనమే మూయాలి.

ఒకప్పుడు ఇరవైకి పైగా క్లాసుల్లో ఉన్న కాంటెక్స్ట్ ఇప్పుడు ఒక్కదానిలోనే మిగిలింది. ఎలక్ట్రానిక్ కాటా డ్రైవర్ లైబ్రరీ తూకం అంకెలను అందుకునే మా లిజనర్ క్లాసు ఆబ్జెక్టును తానే సృష్టిస్తుంది. స్ప్రింగ్ సృష్టించని ఆబ్జెక్టుకు స్ప్రింగ్ తనంతట తానుగా ఏమీ అందించదు కనుక అక్కడ ఆ స్టాటిక్ ఫీల్డును అలాగే ఉంచాము. ఆ లిజనర్ తూకం అంకెను అందుకుని, కంటైనర్ నుంచి తూకం సర్వీసును తెచ్చి, ఆ అంకెను దానికి అప్పగించి తప్పుకుంటుంది. ఇంకే పనీ దానికి పెట్టలేదు.