కలివికోడి జాడకు మట్టిపట్టీలా, కెమెరాలా?

1900 తర్వాత కనిపించకుండా పోయిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య పరుగెత్తుతుంది. కళ్లతో చూసి లెక్కపెట్టడం కుదరదు. అక్కడి లంకమల అభయారణ్యంలో పనిచేసే చిన్న సంస్థకు దీని జాడ పట్టడానికి రెండు దారులు: అడుగు గుర్తులు పడేలా నేలపై పరిచే మట్టిపట్టీ, ఎదుట కదిలినదాన్ని దానంతటదే ఫొటో తీసే కెమెరా. ఏదైనా అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

మట్టిపట్టీకి ఖర్చు తక్కువ, ఒళ్లు వంచాల్సింది ఎక్కువ. మెత్తటి మట్టిని జల్లెడ పట్టి, పొదల మధ్య ఖాళీ నేలపై సన్నగా పరిచి, చెక్కతో చదును చేయాలి. గులకరాళ్లు మిగిలితే అడుగు పడదు. సాయంత్రం సిద్ధం చేసి, మేకలు రాకముందే తెల్లవారి చూడాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు గుర్తులు తేటగా కనిపిస్తాయి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయాలి. వాన పడితే ఆ రాత్రి లెక్క పోయినట్టే. అసలు చిక్కు వేరే ఉంది: వెనక వేలు లేని మూడు వేళ్ల అడుగు ఇంకొన్ని నేలపక్షులకూ ఉంటుంది. కాబట్టి అడుగు ఆచూకీ మాత్రమే, రుజువు కాదు.

రుజువు కెమెరా ఇస్తుంది. కానీ పులికి కట్టినట్టు మోకాలెత్తున కడితే ఈ జానెడు పక్షి కెమెరాకు చిక్కకుండా దాని కిందనుంచే దాటిపోతుంది. జానెడు ఎత్తులోనే బిగించాలి. ఎదుట గడ్డి కోయకపోతే గాలికి ఊగి కార్డంతా ఖాళీ ఫొటోలే. వేసవిలో నేల వేడి పక్షి ఒంటి వేడికి దగ్గరైతే, వేడి తేడాను బట్టి పనిచేసే కెమెరా సెన్సార్ పక్షిని పట్టుకోదు.

డబ్బు తక్కువైతే ముందు పట్టీలు వేసి, అడుగులు పడ్డచోటే కెమెరా పెట్టడం మేలు. బడిపిల్లలకు నేర్పడానికి మాత్రం పట్టీయే; బడి ఆవరణలో కోడి అడుగుతోనే మొదలుపెట్టొచ్చు.