ఆడమ్ ఆప్టిమైజర్: ఏళ్లుగా వాడాక తెలిసిన ఒక సుఖం, దాని వెనకున్న చిక్కు

న్యూరల్ నెట్‌వర్కును ట్రైన్ చేసేటప్పుడు దాని వెయిట్లను (లోపలి అంకెలను) స్టెప్పు స్టెప్పుగా సవరించే పద్ధతి ఆడమ్. అది ఎలా పనిచేస్తుందో, దాని రెండు మూమెంట్లు (గ్రేడియంట్ల నడిచే సగటు, వాటి వర్గాల నడిచే సగటు) ఎలా కడతారో ఇక్కడ వివరంగా చెప్పను. 2014 డిసెంబరులో కింగ్మా, బా దాన్ని బయటపెట్టినప్పటి నుంచి ఆ సూత్రం చెప్పని డీప్ లెర్నింగ్ పాఠం అరుదు. ఈసీజీ సిగ్నళ్ల మీద నడిచే 1డి కన్వల్యూషన్ నెట్‌వర్కులకీ, రెటీనా ఫొటోల్లో రక్తనాళాలను వేరుచేసే యూ-నెట్‌కీ ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను. దీన్ని వదలలేకపోవడానికి కారణం ఒక్కటే: లాస్ (మోడల్ తప్పును కొలిచే అంకె) పెద్దదా చిన్నదా అన్నది దీనికి పట్టదు. దీనితో వచ్చిన అన్నిటికన్నా పెద్ద చిక్కు కూడా ఆ గుణం నుంచే పుట్టింది.

ముందు సుఖం సంగతి. 512×512 బొమ్మలో 2,62,144 పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్ లాస్‌కి సగటు తీయకుండా మొత్తం కూడితే గ్రేడియంట్లు (వెయిట్ మారితే లాస్ ఎటు, ఎంత మారుతుందో చెప్పే అంకెలు) అన్ని రెట్లు పెరుగుతాయి. ఎస్‌జీడీ (గ్రేడియంట్‌ను నేరుగా లెర్నింగ్ రేటుతో గుణించి వెయిట్లను జరిపే పద్ధతి) వాడుతుంటే లెర్నింగ్ రేటును, అంటే స్టెప్పు పొడవును నిర్ణయించే అంకెను, కూడా అదే లెక్కన దించాలి, లేకపోతే కొద్ది స్టెప్పుల్లోనే లాస్ అంకె పోయి ‘నాన్’ (అంకె కాదు అన్న గుర్తు) కనబడుతుంది. ఆడమ్‌లో మొదటి మూమెంట్, రెండో మూమెంట్ వర్గమూలం రెండూ ఒకే రెట్టున పెరుగుతాయి. ఒకదాన్ని మరొకదానితో భాగించేసరికి ఆ రెట్టు ఎగిరిపోతుంది. క్రాస్ ఎంట్రపీ, డైస్ అనే రెండు రకాల లాస్‌లను కలిపినప్పుడు వాటి మధ్య నిష్పత్తి చూసుకుంటే చాలు, మొత్తాన్ని దేనితో గుణించామన్న ఆలోచన అక్కర్లేదు. కొన్ని బ్యాచ్‌ల (ఒక్కోసారి చూపే నమూనాల గుంపుల) గ్రేడియంట్లు పోగుచేసి ఒకే స్టెప్పు వేసేటప్పుడు పోగు సంఖ్యతో భాగించడం తప్పిపోయినా ట్రైనింగ్ దాదాపు అదే దారిలో నడుస్తుంది. 2015లో ఫ్రైబర్గ్ బృందం అసలు యూ-నెట్‌ను ఎస్‌జీడీతో, 0.99 మొమెంటంతో (పాత స్టెప్పుల దిక్కును కొనసాగించే గుణకంతో), ఒక్కోసారి ఒక్క బొమ్మ చొప్పున ట్రైన్ చేసింది. ఆ పద్ధతిలో డేటాసెట్ మారినప్పుడల్లా లెర్నింగ్ రేటు వెతుక్కోవాలి. ఆడమ్‌తో 3×10⁻⁴ దగ్గర మొదలుపెడితే చాలాసార్లు అక్కడే ఆగిపోవచ్చు. ట్రైనింగుకు 20 బొమ్మలే ఉన్న డ్రైవ్ అనే రెటీనా డేటాసెట్ లాంటి చోట ఈ సౌకర్యం విలువ బాగా తెలుస్తుంది.

చిక్కు ఈసీజీలో ఎదురైంది. ఎంఐటీ-బీఐహెచ్ అరిత్మియా (గుండె లయ దోషాల) డేటాబేస్‌లో అరగంటేసి రికార్డులు 48 ఉన్నాయి, సెకనుకు 360 శాంపిళ్లు. పేస్‌మేకర్ ఉన్న 102, 104, 107, 217 తీసేసి మిగతావి వాడటం రివాజు. ఆ రికార్డులతో నడిచినంతకాలం ఇబ్బంది లేదు. బయటి హోల్టర్ (ఒంటికి తగిలించుకు తిరిగే ఈసీజీ యంత్రం) రికార్డింగులు కలిపాక కొత్త లక్షణం మొదలైంది. వేల స్టెప్పుల పాటు నున్నగా దిగిన లాస్ ఉన్నట్టుండి ఎగురుతుంది. ఎగరడానికి కారణమైన బ్యాచ్ దాటిపోయినా ఇంకో ఇరవై స్టెప్పుల దాకా పైకే పోతుంది. ఆ తర్వాత పైనెక్కడో నిలబడి కదలదు. చూసినవాళ్లెవరైనా లోకల్ మినిమం (చిన్న గుంటలో ఇరుక్కోవడం) అనుకుంటారు, లెర్నింగ్ రేటు తగ్గిస్తారు. దానివల్ల కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

దీని వెనక లెక్క ఇది. పాత సగటులో ఎంత వంతు నిలుపుకోవాలో చెప్పే అంకెలు రెండు: మొదటి మూమెంట్‌కు బీటా1, డీఫాల్టు 0.9; రెండో మూమెంట్‌కు బీటా2, డీఫాల్టు 0.999. చాలాసేపు గ్రేడియంట్లు చిన్నవిగా ఉండి, ఒక్క బ్యాచ్‌లో మాత్రం భారీ గ్రేడియంట్ వచ్చిందనుకుందాం. మొదటి మూమెంట్ దానిలో పదో వంతును వెంటనే తీసుకుంటుంది. రెండో మూమెంట్ దాని వర్గంలో వెయ్యో వంతే తీసుకుంటుంది, వర్గమూలం వేస్తే 0.0316. 0.1ని 0.0316తో భాగిస్తే 3.16. అంటే ఆ స్టెప్పులో వెయిట్ లెర్నింగ్ రేటుకు మూడు రెట్లకు పైగా జరుగుతుంది. అక్కడితో ఆగదు. మొదటి మూమెంట్ స్టెప్పుకు 0.9 చొప్పున మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఆ తర్వాతి స్టెప్పులన్నీ అదే దిక్కున తోస్తూ ఉంటాయి. మొత్తం కూడితే లెర్నింగ్ రేటుకు సుమారు 32 రెట్లు. రేటు 10⁻³ అయితే ఒక్కో వెయిట్ 0.032 దాకా జరుగుతుంది. 64 చానెళ్లు, కెర్నెల్ పొడవు 15 ఉన్న పొరలో పైటార్చ్ లైబ్రరీ మొదట వేసే వెయిట్ల గరిష్ఠ పరిమాణం 960 వర్గమూలానికి విలోమం. అదీ 0.032 చిల్లరే. ఒక్క చెడ్డ బ్యాచ్ ఒక పొరను దాదాపు కొత్తగా మొదలుపెట్టినంత చెదరగొట్టగలదన్నమాట.

తర్వాత వచ్చే నిశ్చలతకు కారణం రెండో మూమెంట్. గ్రేడియంట్ మామూలుకన్నా 100 రెట్లు పెరిగితే రెండో మూమెంట్ 11 రెట్లవుతుంది, స్టెప్పు పరిమాణం మూడో వంతుకు పడిపోతుంది. ఆ అదనపు బరువు మామూలు స్థాయికి దిగడానికి 2,300 స్టెప్పులు పడుతుంది. 1,000 రెట్లు పెరిగితే స్టెప్పు ముప్పై వంతుల్లో ఒక వంతు, కోలుకోవడానికి 6,900 స్టెప్పులు. 2018లో రెడ్డి, కాలే, కుమార్ ప్రతిపాదించిన ఏఎంఎస్‌గ్రాడ్‌ను ఇక్కడ మందుగా వాడొద్దు. అది రెండో మూమెంట్‌లో అప్పటిదాకా వచ్చిన గరిష్ఠాన్ని పట్టుకుని ఉంటుంది, కాబట్టి ఒక్క ఉబుకుతో స్టెప్పు శాశ్వతంగా చిన్నదైపోతుంది.

అంత పెద్ద గ్రేడియంట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎలక్ట్రోడ్ ఊడిపోయిన విండోల (సిగ్నల్‌ను కోసిన ముక్కల) నుంచి. పది సెకన్ల విండోలో 3,600 శాంపిళ్లు. ప్రతి విండోకూ సగటు తీసేసి ప్రామాణిక విచలనంతో భాగించడం మామూలు పద్ధతి. గీత చదునుగా ఉండి ఒకే ఒక్క శాంపిల్ ఒక ఏడీసీ కౌంటు (యంత్రం నమోదు చేసే అతి చిన్న మెట్టు) ఎగిరితే, ఆ భాగహారం తర్వాత దాని విలువ 3,599 వర్గమూలం, అంటే దాదాపు 60. మామూలు గుండె కొట్టుకోవడంలో ఆర్ శిఖరం సాధారణంగా పదిలోపే ఉంటుంది. సున్నాతో భాగహారం రాకుండా కింద కలిపే 10⁻⁶ ఇక్కడ అక్కరకు రాదు. కౌంటుకు 0.005 మిల్లీవోల్టు లెక్కన ఆ విండో విచలనం 0.00008 మిల్లీవోల్టు. అది 10⁻⁶ కన్నా 80 రెట్లు పెద్దది.

పట్టుకోవడానికి ఒకటే దారి: ప్రతి స్టెప్పులో క్లిప్పింగుకు (హద్దు దాటిన గ్రేడియంట్‌ను కోసేయడానికి) ముందున్న గ్రేడియంట్ నార్మ్ (మొత్తం పరిమాణం), దాని పక్కనే బ్యాచ్‌లోని రికార్డు నంబర్లు, విండో మొదలైన శాంపిల్ నంబరు ఫైల్లో రాయడం. లాస్ గ్రాఫు ఒక్కటే చూస్తే దొరకదు, ఎందుకంటే చెడ్డ బ్యాచ్ కన్నా తర్వాతి బ్యాచ్‌లలోనే లాస్ ఎక్కువగా కనబడవచ్చు. ఇంకో తేడా కూడా చూసుకోవాలి. ట్రైనింగ్ లాస్ బాగానే ఉండి వ్యాలిడేషన్ లాస్ (ట్రైనింగుకు వాడని డేటా మీద వచ్చేది) మాత్రమే ఎగిరితే నేరం వెయిట్లది కాకపోవచ్చు. పొరల విలువలను ప్రామాణీకరించే బ్యాచ్‌నార్మ్ పోగుచేసే సగటులో ఆ చెడ్డ బ్యాచ్ పదో వంతు చేరుతుంది, 50 స్టెప్పులు గడిస్తే అందులో మిగిలేది వెయ్యికి ఒకటి కూడా ఉండదు. అంత తొందరగా సర్దుకుంటే ఆప్టిమైజర్ జోలికి పోనక్కర్లేదు.

మందు ముందు డేటాకే వేయాలి. విచలనం 0.02 మిల్లీవోల్టు కన్నా తక్కువున్న విండోలను పక్కన పెట్టాలి, ప్రామాణీకరించాక విలువల్ని ±20 దగ్గర కోసేయాలి. ఆ తర్వాత గ్రేడియంట్ క్లిప్పింగ్. అందరూ పెట్టే 1.0 ఇక్కడ ఉత్తి అలంకారం. ప్రశాంతంగా ఉన్నప్పుడు నార్మ్ 0.02 ఉంటే, 1.0 దగ్గర కోసినా 50 రెట్ల ఉబుకు లోపలికి వచ్చేస్తుంది. లాస్ స్కేలు పట్టని ఆడమ్‌కు ఆ 1.0 చిన్నదేమీ కాదు, తన మామూలుకు 50 రెట్లు. అందుకని గడచిన కొన్ని వందల స్టెప్పుల నార్మ్‌ల మధ్యగతం తీసి దానికి 3 రెట్ల దగ్గర కోయాలి. అప్పుడు మొత్తం జరుగుడు లెర్నింగ్ రేటుకు 3 రెట్ల దగ్గర ఆగుతుంది. ఐతే దీనికీ ఒక ఖరీదుంది. ఎంఐటీ-బీఐహెచ్‌లో లక్షకు పైబడిన బీట్లలో ఫ్యూజన్ బీట్లు (రెండు రకాల బీట్లు కలిసిపోయినవి) 800 చిల్లర. అవి వచ్చిన బ్యాచ్‌లో గ్రేడియంట్ పెద్దదవడం సహజం, నేర్చుకోవలసిందీ అక్కడే. 3 రెట్ల దగ్గర కోస్తే ఆ తరగతి వెనకబడుతుంది. అరుదైన తరగతులు ముఖ్యమైన పనిలో 5 రెట్లు పెట్టడం, వాటిని శాంప్లర్‌తో తరచుగా తేవడం మేలు.

మూడోది బీటా2ని 0.99కి దించడం. అప్పుడు ఉబుకు స్టెప్పు లెర్నింగ్ రేటుకు ఒక రెట్టే, మొత్తం జరుగుడు పదిన్నర రెట్లు. 100 రెట్ల ఉబుకు నుంచి 460 స్టెప్పుల్లో తేరుకుంటుంది. బ్యాచ్ 32 కన్నా పెద్దదైనప్పుడే ఇది నప్పుతుంది. చిన్న బ్యాచ్‌లో రెండో మూమెంట్ అంచనాయే ఊగిసలాడుతుంది.

ఇక మొదట చెప్పిన సుఖం కూడా పూర్తిగా నిజం కాదు, అది కారిపోయే చోట్లు ఉన్నాయి. మొదటిది ఎప్సిలాన్, సున్నాతో భాగహారం రాకుండా ఆడమ్ కింద కలిపే చిన్న సంఖ్య. పైటార్చ్‌లో డీఫాల్టు 10⁻⁸, కేరాస్ లైబ్రరీలో 10⁻⁷. గ్రేడియంట్లు ఆ పరిమాణానికి దిగిన క్షణం స్కేలు మళ్లీ లెక్కలోకి వస్తుంది. మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో (కొంత లెక్కను 16 బిట్లలో చేసే పద్ధతిలో) దీన్ని సరిగ్గా చూడొచ్చు. చిన్న గ్రేడియంట్లు సున్నా కాకుండా పైటార్చ్‌లోని గ్రాడ్‌స్కేలర్ మొదట లాస్‌ను 65,536తో గుణిస్తుంది. అన్‌స్కేల్ చేయకుండానే (ఆ గుణకంతో తిరిగి భాగించకుండానే) 1.0 దగ్గర క్లిప్ చేస్తే, తర్వాత అది తిరిగి భాగించినప్పుడు మొత్తం నార్మ్ 0.000015 అవుతుంది. 3.1 కోట్ల పారామీటర్ల యూ-నెట్‌లో దాన్ని పంచితే ఒక్కోదానికి సగటున 2.7×10⁻⁹. ఎప్సిలాన్ దానికి దాదాపు నాలుగు రెట్లు. ఫలితంగా స్టెప్పు ఐదో వంతుకు పడిపోతుంది, ఎర్రర్ మాత్రం ఏదీ రాదు. ఎస్‌జీడీ అయితే ట్రైనింగ్ పూర్తిగా ఆగిపోయి తప్పు వెంటనే బయటపడేది. ఆడమ్ కుంటుతూ నడుస్తుంది, అందుకే రోజుల తరబడి కనిపెట్టలేం. అన్‌స్కేల్ ముందు, క్లిప్ తర్వాత. మోడల్ మొత్తాన్నీ 16 బిట్ ఫ్లోట్‌లోకి మార్చేవాళ్లకు ఇంకో సంగతి: అందులో పట్టే అతి చిన్న ధన సంఖ్య దాదాపు 6×10⁻⁸. 10⁻⁸ సున్నా అయిపోతుంది, గ్రేడియంట్ లేని పారామీటర్‌లో సున్నాను సున్నాతో భాగించి ‘నాన్’ వస్తుంది.

రెండోది వెయిట్ డికే, అంటే ప్రతి స్టెప్పులో వెయిట్లను కొద్దిగా కుంచించడం. మామూలు ఆడమ్‌లో ఆ విలువ గ్రేడియంట్‌లో కలుస్తుంది, దానితోపాటు భాగహారానికీ గురవుతుంది. గ్రేడియంట్లు పెద్దగా ఉన్న వెయిట్లు తక్కువగా కుంచించుకుంటాయి, లాస్‌ను గుణిస్తే డికే బలం మారిపోతుంది. లోష్చిలోవ్, హట్టర్‌ల ఆడమ్‌డబ్ల్యూ దీన్ని విడదీసింది, కాబట్టి కొత్త పనికి నేరుగా అదే తీసుకోవాలి. దాని డీఫాల్టు 0.01ని మాత్రం నమ్ముకోవద్దు. పైటార్చ్‌లో అది లెర్నింగ్ రేటుతో గుణించబడుతుంది. రేటు 3×10⁻⁴ అయితే 20,000 స్టెప్పుల్లో మొత్తం కుంచింపు 6 శాతమే. చిన్న డేటాసెట్లకు 0.05 నుంచి 0.1 దాకా పెట్టి చూడాలి, బ్యాచ్‌నార్మ్ పారామీటర్లనూ బయాస్‌లనూ డికే నుంచి మినహాయించాలి.

చెక్‌పాయింట్‌లో (ట్రైనింగ్ మధ్యలో దాచే ఫైల్లో) వెయిట్లతో పాటు ఆప్టిమైజర్ స్థితినీ (రెండు మూమెంట్లనూ) దాచాలి. యూ-నెట్‌కు ఫైలు 124 మెగాబైట్ల నుంచి 372కి పెరుగుతుంది, అయినా తప్పదు. స్థితి లేకుండా తిరిగి మొదలుపెడితే మొదటి స్టెప్పులో ప్రతి వెయిట్, దాని గ్రేడియంట్ ఎంత చిన్నదైనా, పూర్తి లెర్నింగ్ రేటంత జరుగుతుంది. వేరే డేటా మీద ఫైన్‌ట్యూన్ చేసేటప్పుడు మాత్రం పాత స్థితి పనికిరాదు. బోస్టన్‌లో తీసిన ఎంఐటీ-బీఐహెచ్‌లో కరెంటు రొద 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన ఆసుపత్రుల రికార్డింగుల్లో 50 దగ్గర. ముందు రెండింటికీ నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క పౌనఃపున్యాన్నే తీసేసేది) వేసి, కొత్త ఆప్టిమైజర్‌తో 10⁻⁴ రేటుకు 500 స్టెప్పుల వార్మప్ (రేటును మెల్లగా పెంచడం) ఇస్తే గాడిలో పడుతుంది.

నా పని ఒకే జీపీయూ మీద, 64 విండోల ఈసీజీ బ్యాచ్‌లతో, పదుల సంఖ్యలో ఉన్న బొమ్మలతో. ఆ పరిధిలో ఆడమ్‌డబ్ల్యూ, బీటా2 0.99, మధ్యగతానికి 5 రెట్ల క్లిప్పింగ్ — ఈ మూడింటితో నాకు పేచీ లేదు. లక్షల బొమ్మల మీద రెస్‌నెట్ వర్గీకరణ చేసేవాళ్లు, లెర్నింగ్ రేటు వెతకడానికి యంత్రం ఖాళీ ఉన్నవాళ్లు 0.9 మొమెంటంతో ఎస్‌జీడీని ఒకసారి పక్కన నడిపి చూడాలి, అక్కడ అది ఇప్పటికీ గట్టి పోటీయే. యూ-నెట్‌ను బ్యాచ్ 2తో నడిపేవాళ్లు బీటా2ని 0.999 దగ్గరే ఉంచి క్లిప్పింగ్ ఒక్కటే మార్చుకోవాలి.