డి అండ్ డీనా, పాత్‌ఫైండరా? నేను చూసేది కంపెనీ మాట తీరు

"అన్నా, డి అండ్ డి పుస్తకం కొనమంటావా, పాత్‌ఫైండర్ కొనమంటావా?" ఈ ప్రశ్న పోయిన నెలలో ముగ్గురు అడిగారు. అందులో ఒకడు డాలస్‌లో ఉండే మా తమ్ముడు వరస అబ్బాయి. ముగ్గురికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. తెలియనివాళ్లకు: డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్), పాత్‌ఫైండర్ రెండూ బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆటలు.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో. రెండింటిలోనూ ఇరవై ముఖాల డైసే. డి అండ్ డి తొందరగా వస్తుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో టర్నుకు మూడు యాక్షన్లు, ఎంపికలు ఎక్కువ, మొదట్లో కాస్త చదవాలి. దీని మీద ఎన్ని రాత్రులైనా వాదించుకోవచ్చు. కానీ నా డబ్బు ఎటు వెళ్లాలో తేల్చింది రూల్స్ కాదు, 2023 జనవరిలో ఈ రెండు కంపెనీలు జనంతో మాట్లాడిన తీరు.

అప్పుడు జరిగింది క్లుప్తంగా చెబుతాను. డి అండ్ డి మూల నియమాలు వాడుకుని ఎవరైనా సొంత పుస్తకాలు వేసి అమ్ముకునేలా 2000 నుంచి ఒక ఓపెన్ లైసెన్స్ ఉండేది. దాన్ని రద్దు చేసే కొత్త లైసెన్స్ ముసాయిదా జనవరి మొదటి వారంలో బయటికి పొక్కింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం దాకా రాయల్టీ కట్టాలని అందులో ఉంది. చిన్న ప్రచురణకర్తలు, ఇంట్లో కూర్చుని అడ్వెంచర్లు రాసుకునేవాళ్లు టెన్షన్‌తో అల్లాడుతుంటే, డి అండ్ డి తీసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారం రోజులు దాదాపు నోరు విప్పలేదు.

నోరు విప్పిన రోజు మాకు భోగి. సెలవులని అందరం మా ఇంట్లోనే ఉన్నాం, ఆట మధ్యలో ఆపి ఆ ప్రకటన ఫోన్‌లో పైకి చదివాను. ఒకటి పడింది అని, అంటే ఘోరంగా గురి తప్పిందని, డైస్ భాషలో ఒప్పుకున్నారు. కానీ చివర్లో, "వాళ్లు గెలిచారు, మేం ఓడిపోయాం అని కొందరంటారు, అది సగమే నిజం, వాళ్లూ గెలిచారు, మేమూ గెలిచాం" అనే ధోరణిలో ఒక మాట ఉంది. పుండు మీద కారం చల్లినట్టయింది. మా ఆటలో క్లెరిక్ (పూజారి) పాత్ర ఆడే మా వదిన అంతా విని, "ఇంతకీ తప్పు మాది అన్న ముక్క ఎక్కడుంది?" అంది. లేదు. క్షమాపణ అన్న మాట అయిదు రోజుల తర్వాత ఇంకో పోస్టులో గానీ రాలేదు. వాళ్ల ఆన్‌లైన్ వేదిక డి అండ్ డి బియాండ్ చందా నా కార్డు మీద ఉండేది. ఆ సాయంత్రమే తీసేశాను. అప్పుడు అలా తీసేసినవాళ్లు లెక్కలేనంత మంది.

దానికి ఒక్క రోజు ముందే పాత్‌ఫైండర్ తీసే పైజో ఒక ప్రకటన చేసింది. అందరికీ పనికొచ్చే కొత్త ఓపెన్ లైసెన్స్ తయారు చేయిస్తాం, అది మా చేతిలో కూడా ఉండదు, ఖర్చు మేం పెట్టుకుంటాం అని. ఎవర్నీ తిట్టలేదు, భయపెట్టలేదు. ఆ తర్వాత ఏమైందో వాళ్లే చెప్పారు: ఎనిమిది నెలలకు సరిపోతుందనుకున్న పాత్‌ఫైండర్ రూల్‌బుక్ స్టాకు రెండు వారాల్లో అయిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలన్నది ఊరికే కాదు. ఆ రెండు వారాల్లో పాత్‌ఫైండర్ రూల్స్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా కొనేవాళ్ల నమ్మకం.

విజార్డ్స్‌కు దక్కాల్సిన మార్కులు కూడా ఇవ్వాలి. జనవరి 27న వాళ్లు పాత లైసెన్స్ జోలికి రామన్నారు. అంతటితో ఆగకుండా మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు. అది వెనక్కి తీసుకోవడానికి వీల్లేని పని. ఆ పని వరకు చూస్తే పైజో ఇచ్చిన మాట కన్నా అది ఒక మెట్టు పైనే. చేతులు కాలాక పట్టుకున్నా, ఆకులు గట్టివే పట్టుకున్నారు.

నేను అక్కడితో మెత్తబడేవాణ్ణే. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో, వాళ్లే తీసే మ్యాజిక్ అనే కార్డుల ఆటలో ఇంకా విడుదల కాని కార్డులు పొరపాటున చేతికొచ్చి వీడియో పెట్టిన ఒక యూట్యూబర్ ఇంటికి అదే కంపెనీ పింకర్టన్ ప్రైవేటు డిటెక్టివ్‌లను పంపింది. ఫోన్ చేసి అడిగితే పోయేదానికి గుమ్మంలోకి మనుషులా? 2024 ఆగస్టులో ఇంకోటి. ఆటగాళ్ల మూల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొత్తది వస్తోంది కాబట్టి, డి అండ్ డి బియాండ్‌లో మీ క్యారెక్టర్ షీట్ల (పాత్ర వివరాల పట్టీల) మీదున్న పాత మంత్రాలు, మాయా వస్తువులు కొత్తవాటితో మారిపోతాయని, పాతవే కావాలంటే మీరే చేత్తో ఎక్కించుకోండని చెప్పారు. గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు.

నాకు అసలు విషయం ఇక్కడుంది. డబ్బు పెట్టి కొన్నది నా అనుమతి లేకుండా మారిపోతుందా, లేదా? కొనేవాణ్ణి ఎదుటి పక్షంగా చూసి మాట్లాడే కంపెనీ, రేపు నేను కొన్నదాన్ని కూడా తన సొత్తుగానే చూస్తుంది. 2023 జనవరిలో ఆ మాట తీరు గమనించినవాళ్లకు 2024 ఆగస్టు ఆశ్చర్యం కలిగించలేదు. అందుకే కంపెనీవాళ్లు ఆన్‌లైన్‌లో ఎలా మాట్లాడతారన్నది నేను మర్యాద సంగతిగా తీసుకోను. కొనే ముందు చూడాల్సిన నాణ్యత కిందే లెక్క.

పైజో కడిగిన ముత్యమేమీ కాదు. 2021లో అక్కడ పని పరిస్థితుల మీద మాజీ ఉద్యోగులు బహిరంగంగా ఫిర్యాదులు చేశారు. ఉద్యోగులు యూనియన్ పెట్టుకుంటే మాత్రం కంపెనీ కోర్టులకెక్కకుండా ఆ నెలలోనే గుర్తించింది. 2024లో అభిమానులు చేసుకునే ఉచిత టూల్స్‌కు సంబంధించిన నిబంధనలు మార్చి వాళ్లూ చీవాట్లు తిన్నారు, తర్వాత పాత విధానాన్నే మళ్లీ తెచ్చారు. ఈ రెంటిలోనూ నేను చూసింది ఒకటే: తప్పు చేసినా ఎదుటివాణ్ణి గెలిచావా ఓడావా అని లెక్కగట్టలేదు.

పైగా పాత్‌ఫైండర్ రూల్స్ అన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో కంపెనీ అనుమతితోనే ఉచితంగా చదువుకోవచ్చు. పైసా పెట్టకుండా నెల ఆడి, నచ్చితేనే కొనొచ్చు. పీడీఎఫ్ కొంటే అది మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. డి అండ్ డి మూల పుస్తకాలను డిజిటల్‌గా కొంటే బియాండ్ లాంటి ఆన్‌లైన్ వేదికల్లోనే చదవాలి, పీడీఎఫ్ అమ్మరు.

మిగతా ఆటల సంగతి కూడా క్లుప్తంగా. కోబోల్డ్ ప్రెస్ వాళ్ల టేల్స్ ఆఫ్ ది వేలియంట్, డి అండ్ డి అయిదో ఎడిషన్ అలవాటున్నవాళ్లకు బాగానే ఉంటుంది, కానీ తోడు ఆడేవాళ్లు దొరకడం కష్టం. క్రౌడ్‌ఫండింగ్‌లో వచ్చే చిన్న ఆటలైతే, డబ్బు కట్టే ముందు తయారుచేసేవాళ్లు కామెంట్లకు ఎలా జవాబిస్తున్నారో చదవండి. నేను ఒకసారి చదవకుండా కట్టాను. పార్సిల్ ఎప్పుడని మర్యాదగా అడిగితే ఆ ఆట తయారుచేసినాయన నన్ను బ్లాక్ చేశారు, పెట్టె ఇప్పటికీ రాలేదు.

కొత్తగా బల్ల కట్టేవాళ్లకు నా ఓటు పాత్‌ఫైండర్‌కే. నెథిస్‌లో చదివి ఆడండి, నచ్చాక ఆటగాళ్ల మూల పుస్తకం ప్లేయర్ కోర్ ఒక్కటి కొనండి చాలు. డాలస్ తమ్ముడి సంగతి వేరు. వాడి ఆఫీసులో నలుగురు ఇప్పటికే డి అండ్ డి ఆడుతున్నారు, వాళ్లను వదిలి రమ్మనడం న్యాయం కాదు. వాడికి చెప్పింది ఇదీ: డి అండ్ డీయే తీసుకో, కాకపోతే డిజిటల్ వద్దు, అచ్చు పుస్తకం కొను. మా ఇంట్లో 2014 హ్యాండ్‌బుక్ కుట్లు ఊడి, మంత్రాల పేజీలకు వదిన టేపు వేసింది. ఫైర్‌బాల్ మంత్రం ఇప్పటికీ అక్కడ అచ్చయినట్టే ఉంది.